పెంచలమ్మ ఎంచుకున్న వంపు

పెంచలమ్మ నోటికి జడవని మనిషి తోటపల్లి గూడూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కరూ లేరు. అయితే ఆ నోటికి ముద్ద అందించాల్సిన కుడిచెయ్యి మాత్రం రెండేళ్లుగా ఆమె మాట వినడం మానేసింది. ఊరందరినీ అదిలించే మనిషి సొంత చేతిని కదిలించుకోలేకపోయింది.

మొదట మోచెయ్యి వాచింది. నారు కట్టలు మోసి మోసి బెణికిందిలే అనుకున్నారు. వావిలాకు కాపడం పెట్టారు. చింతపండూ ఉప్పూ కలిపి పట్టు వేశారు. కట్లు కట్టే ముసలాయన ఒకాయన కోడిగుడ్డు సొన పూసి వెదురుబద్దలతో కట్టు కట్టాడు. వాపు తగ్గకపోగా కట్టే బిగుసుకుపోయింది. చివరికి నెల్లూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోతే, అక్కడ ఎక్స్‌రే తీసి, ఇది కీలుకు పట్టిన క్షయ అన్నారు. క్షయ అంటే దగ్గూ నెత్తురూ అని మాత్రమే తెలిసిన ఊరికి, దగ్గు లేని క్షయ ఏమిటో, అది మోచేతిలోకి దారి ఎట్లా కనుక్కుందో ఎంతకీ అంతుబట్టలేదు. మా కోడలికి రోగం కూడా అందరికీ వచ్చినట్టు రాదు అని అత్త గురవమ్మ ఇంటింటికీ చెప్పుకొచ్చింది. ఆ మాటలో విసుగెంతో గర్వమెంతో ఆమెకే తెలియాలి.

నెలల తరబడి సూదులు పొడిచారు, మాత్రలు మింగించారు. రోగం ఆగింది. ఆగేలోపల కీలును తినేసింది. చెయ్యి కాస్త వంచినా చాపినా ప్రాణం కళ్లలోకి వచ్చేది. పాత చీర చింపి మెడకు వేలాడగట్టుకుని, చెయ్యిని చంటిబిడ్డలా మోసుకు తిరిగింది పెంచలమ్మ.

నొప్పి ఒక ఎత్తు, పోగొట్టుకున్నవి ఒక ఎత్తు. పోగొట్టుకున్నవాటిలో మొదటిది మునుం. నాట్ల కాలంలో ఆడవాళ్లు వరసకట్టి, వంగి, వెనక్కి అడుగులు వేస్తూ నారు నాటుతారే, ఆ వరస మునుం. దాని మొదట్లో నిలబడేది పెంచలమ్మ. ఆమె ఎంత వేగం నాటితే అందరిదీ అంత వేగం, ఆమె గీత తిన్నగా ఉంటే ఆ మడి, ఆ కయ్య మొత్తం తిన్నగా ఉండేది. ఇప్పుడు ఆ చోటు మస్తానమ్మది. రెండోది బంతి. కొడవలూరులో చుట్టాలింటి పెళ్లికి పోయి, అందరితోపాటు బంతిలో కూర్చుని, గత్యంతరం లేక ఎడమచేత్తో ముద్ద ఎత్తింది. వడ్డించే ఆయన గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. పక్కనున్నామె తన విస్తరిని కొంచెం అవతలికి జరుపుకుంది. ఎవరూ ఒక్క మాటనలేదు. అననందుకే ఎక్కువ తగిలింది. సగం తిన్న విస్తరి ముందునుంచి లేచి వచ్చేసిన పెంచలమ్మ మళ్లీ ఏ బంతిలోనూ కూర్చోలేదు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తినేది. నేను కలిపి పెడతానే అని గురవమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. అత్తచేత గోరుముద్దలు తినేంత చిన్నపిల్లనా అని కసురుకునేది.

అట్లాంటి రోజుల్లో ఆ ఆసుపత్రికి ఎముకల డాక్టరు సంజీవరావు వచ్చాడు. మద్రాసులో చదివినవాడు, పొడుగాటి మనిషి, ముంజేతుల దాకా ఎప్పుడూ తెల్లటి పిండికట్టు పొడి అంటుకుని ఉండేది. పెంచలమ్మ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ఆమెనూ, మొగుడు ఓబులేసునూ, అత్తనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పుకొచ్చాడు. కీలు అరిగిపోయిన బండి ఇరుసులా ఉంది, తిరిగినప్పుడల్లా నొప్పే. కోసి, చెడిన కీలు తీసేసి, పై ఎముకనూ కింది ఎముకనూ ఒకటిగా అతికించేస్తే నొప్పి పోతుంది, చేతికి బలం వస్తుంది. భుజం, మణికట్టు, వేళ్లు ఎప్పట్లాగే ఆడతాయి. మోచెయ్యి మాత్రం ఇక వంగదు, చాచుకోదు. ఏ వంపులో అతికిస్తే బతికినంతకాలం ఆ వంపే.

"ఆ వంపు ఎట్టా ఉండాలో నేను చెప్పేది కాదమ్మా" అన్నాడు డాక్టరు. "నువ్వే చెప్పాల."

పెంచలమ్మకు ఆ మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. పేరు పెంచలకోన దేవుడిది, పుట్టకముందే మొక్కుకుని పెద్దలు పెట్టారు. మొగుణ్ణి నాన్న చూశాడు. చీర రంగు అత్త చూస్తుంది. నీకెట్లా కావాలి అని ఆమెను అడిగిన మొదటి మనిషి ఈ ఎముకల డాక్టరు. ఊరిని గడగడలాడించే నోరు ఆ క్షణాన పెగల్లేదు. సంతోషంతో నోరు మూతపడడం ఆమెకు అదే మొదటిసారి.

ఇప్పుడే చెప్పక్కర్లేదన్నాడు డాక్టరు. ముందు పిండికట్టు వేసి పంపిస్తాను, కొన్నాళ్లు ఆ వంపులోనే బతికి చూడు, తిను, ఇల్లు ఊడ్చు, తల దువ్వుకో, నచ్చకపోతే ఇంకో వంపు వేసి చూద్దాం అన్నాడు. చీర కొనేముందు భుజం మీద వేసుకుని చూసినట్టన్నమాట. మొదట నోటికి అందేటట్టు వెయ్యండయ్యా అని గురవమ్మ పట్టుబట్టింది. తినే చెయ్యి నోటికి అందకపోతే ఆ చెయ్యి ఉండీ ఒకటే, లేకపోయీ ఒకటే అన్నది ఆమె వాదం. అందులో తప్పు పట్టేదేమీ లేదు. చెయ్యి బాగా మడిచి, నొప్పికి పెంచలమ్మ పళ్లు బిగించుకుని కూర్చోగా, కట్టు వేశారు. నర్సు రెబెక్కమ్మ వేలు చూపిస్తూ, కట్టుకు నీళ్లు తగలకూడదని, తగిలితే మెత్తబడి ముద్దైపోతుందని, అట్లా చేసుకొస్తే గుమ్మం ఎక్కనివ్వనని మరీ మరీ చెప్పి పంపింది.

ఆ రాత్రికి ఇంట్లో చేపల పులుసు. పెంచలమ్మ గోడవైపు తిరగకుండా, వాకిలివైపు మొహం పెట్టుకుని కూర్చుని, ఎడమచేత్తో కంచం ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నొప్పి లేదు. ముద్ద గొంతు దిగకముందే ఏడుపొచ్చింది. పులుసులో కారం ఎక్కువైందత్తా అని బొంకింది. గురవమ్మ కూడా, అవునే ఎక్కువైంది అని కళ్లు తుడుచుకుంది.

మర్నాటినుంచి ఊరు ఊరంతా వాకిట్లో చేరింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, తలా ఒక వంపు చెప్పి పోయారు. బండి తోలే చిన్నపోలయ్య, చెయ్యి ముందుకు చాపినట్టుంటే పగ్గాలు పట్టుకోవచ్చన్నాడు. పెంచలమ్మ ఏనాడూ బండి తోలలేదు. కొప్పు ముడి వేసుకోలేని చెయ్యి ఆడదానికెందుకని మస్తానమ్మ అంది. దణ్ణం పెట్టడానికి కుదరాలి కదా అని కాటికి కాళ్లు చాపిన తాత ఒకాయన గుర్తు చేశాడు. ఓబులేసు ఒక్కడే ఏమీ అనలేదు. గోడకు పగులు కనిపిస్తే మట్టి పిసికి మెత్తేదాకా అన్నం సహించని మనిషి అతను. ఊళ్లో గాదెలకు మట్టిపూత పూయాలంటే అతన్నే పిలుస్తారు. మాటలంటే మాత్రం మహా పొదుపు. నువ్వేమంటావు మామా అని పెంచలమ్మ నిలదీస్తే, చెయ్యి నీది అన్నాడు. దానికీ ఆమెకు కోపం వచ్చింది.

ఇంతలో కార్తీక వానలు దిగాయి. కాలవలు నిండాయి. ఊళ్లో పెద్దరైతు రంగనాయకులు గారి కయ్యల్లో నాట్లు మొదలయ్యాయి. చూసొస్తానని పోయి గెనిమ గట్టు మీద నిలబడింది పెంచలమ్మ. మస్తానమ్మ ముందుండి నడిపిస్తున్న మునుం తాగినవాడి నడకలా పోతోంది. ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా పడుతోంది నాటు. పెంచలమ్మ గట్టుమీదనుంచే అదిలించడం మొదలుపెట్టింది. కాసేపు ఓర్చుకున్న మస్తానమ్మ నడుం నిలబెట్టి, నోరుంటే చాలదు పెంచలా, దిగి చూపించు అంది.

ఆ మాట అనకపోయినా దిగేదే. చీర ఎగగట్టి కయ్యలో దిగింది. ఎడమచేత నారు కట్ట పట్టుకుని కుడిచేత్తో నాటబోతే, చెయ్యి గడ్డం దగ్గరే ఉంది, మట్టి ఎక్కడో కింద ఉంది. ఇంకా వంగింది. ముక్కు నీళ్లకు తగిలింది. నోటికి అందే చెయ్యి నేలకు అందదని అప్పుడు తెలిసింది. అయినా పట్టు వదల్లేదు. మొహం పక్కకు తిప్పుకుని, కట్టును సగందాకా బురదలో ముంచి, ఒక్కొక్క మొక్కా గుచ్చుకుంటూ పోయింది. పోనుపోను చెయ్యి తేలిగ్గా అందుతున్నట్టనిపించింది. అలవాటైందనుకుని సంబరపడింది. కయ్య ఆ చివరికి చేరి నడుం ఎత్తి చూసుకునేసరికి పిండికట్టు నానిన రొట్టెలా ఉంది. చెయ్యి బరువుకు అది సాగి, మోచెయ్యి ముందుకన్నా చాలా విచ్చుకుంది. పనిలో పడి నొప్పి కూడా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, దాంతోపాటు రెబెక్కమ్మ వేలు కూడా కళ్లముందు కనిపించింది.

ఇల్లు చేరిన పెంచలమ్మను చూసి గురవమ్మ నెత్తి కొట్టుకుంది. ఓబులేసు మాత్రం ఆ కట్టును అటు తిప్పి ఇటు తిప్పి, కూలిన గాదెను చూసినట్టు చూశాడు. తరవాత పోయి బంకమట్టి తెచ్చాడు. సన్నగా తరిగిన గడ్డీ, కాస్త సున్నమూ కలిపి తొక్కాడు. చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే, నొప్పి పుట్టకుండా పట్టుకుని, మిగిలిన కట్టు మీద గోనెపట్టీ చుట్టి, మట్టి మెత్తి, వెదురుబద్దలు పెట్టి, మళ్లీ మెత్తి ఎండలో కూర్చోబెట్టాడు. ఎండాక తడి తగలకుండా ఉండాలని, బకింగ్‌హామ్ కాలవ పడవల వాళ్లను అడిగి తెచ్చిన తారు పూశాడు. డాక్టరు కట్టుకు పునాది చాలలేదు అన్నాడు తృప్తిగా. పెళ్లయిన తరవాత మొగుడు ఒక పనిమీద అంత పెద్ద మాట మాట్లాడడం పెంచలమ్మ వినలేదు.

నల్లటి ఆ చెయ్యి ఎంత బరువంటే భుజం పీకేది. కానీ తడిస్తే కరగదు. ఇంకేముంది, పెంచలమ్మ రోజూ కయ్యలో దిగింది. కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, నడుం ఇంకొంచెం వంచితే నారు భూమికి అందుతోంది. ఇంటికొచ్చి కూటిముందు కూర్చుంటే ముద్ద పెదవికి బెత్తెడు దూరంలో ఆగిపోతోంది. మొదటిరోజు ఉక్రోషం వచ్చింది. మర్నాడు ఊరికే తల ముందుకు వంచింది. ముద్ద నోట్లో పడింది.

డాక్టరు రమ్మన్న రోజుకు ముగ్గురూ బిక్కుబిక్కుమంటూ ఆసుపత్రికి పోయారు. రెబెక్కమ్మ చూసిన చూపుకు ఓబులేసు తలుపు వెనక్కి జరిగాడు.

"ఇది చెయ్యా, పడవా?" అంది ఆమె.

డాక్టరు పరుగున వచ్చాడు. తట్టి చూశాడు, వాసన చూశాడు. తరవాత కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఆగాక కేకలు వేశాడు. లోపల పుండు పడితే ఏమయ్యేదని, రోగం తిరగబెడితే నేనేం చేసేవాణ్ణని చెడామడా తిట్టాడు. ఓబులేసు తలుపు వెనకనుంచే అన్నీ ఒప్పుకున్నాడు. అంతా అయ్యాక, వార్డు వంటింట్లోంచి అన్నం తెప్పించి పెంచలమ్మను తినమన్నాడు. తల వంచి తినింది. నాటు ఎట్లా వేశావో చూపించమన్నాడు. కొత్త చీపురులోంచి పుల్లలు లాగి, వార్డు గచ్చు మీద వంగి, వెనక్కి నడుస్తూ మునుం వేసి చూపించింది. మంచాల మీద రోగులంతా లేచి కూర్చున్నారు. డాక్టరు కట్టు కోయించకుండానే కోణం కొలిచే పరికరం పెట్టి కొలుచుకున్నాడు. కట్టు విప్పి, పుండేమీ లేదని చూసి, అప్పుడు మాట్లాడాడు.

మొదట వేసిన వంపయితే అన్నం హాయిగా తినొచ్చు, మడి పని మర్చిపోవాలి. చెయ్యి ఇంకా చాపి అతికిస్తే మడి పని సుళువు, కుడిచేత్తో తిండి ఉండదు. ఈ మట్టికట్టు వంపులో రెండూ అవుతాయి, రెంటిలో ఏదీ సుళువుగా కాదు. జీవితమంతా తిండికీ తల వంచాలి, పనికీ మామూలుకన్నా ఎక్కువ వంగాలి. బాగా ఆలోచించుకో, తరవాత మార్చలేను అన్నాడు.

గురవమ్మ చప్పున ముందుకొచ్చింది. కొడవలూరు పెళ్లినుంచి కోడలు ఎట్లా తిరిగొచ్చిందో చూసిన మనిషి. డాక్టరు చేతులు పట్టుకుని, "నోటికే అతికించండయ్యా. గొడ్డు మాదిరి తల వంచుకోని తింటే పదిమందిలో నవ్విపోరా? పని లేకపోతే మానె, నేనూ నా కొడుకూ సంపాదిస్తాం" అంది.

ఆ మాటలో ఎంత ప్రేమ ఉందో పెంచలమ్మకు తెలుసు. పదిమందీ నవ్వుతారేమోనన్న భయం తనకూ ఉంది. కానీ పోయిన కొద్దిరోజులూ బురదలో కాళ్లు పెట్టి నిలబడ్డప్పుడు ఆమె మళ్లీ పాత పెంచలమ్మ అయింది. కుడిచేత్తో తిన్నప్పుడూ అయింది. అందులో ఏ సగాన్ని వదిలేసినా మిగిలినది తను కాదనిపించింది.

"అన్నానికి తల వంచితే తప్పేముందత్తా" అంది. "దాన్ని నాటేటప్పుడు నడుమే వంచుతుండామే."

గురవమ్మ డాక్టరు చేతులు వదిలేసింది. డాక్టరు రెబెక్కమ్మకు ఆపరేషన్ తేదీ చెప్పాడు.

ఆపరేషన్ నాడు ముక్కు మీద మత్తుగుడ్డ పెడితే, పెంచలమ్మ స్పృహ తప్పేదాకా మస్తానమ్మ వరస వంకర గురించే మాట్లాడిందట. రెబెక్కమ్మ తరవాత నెలల తరబడి అది చెప్పి నవ్వింది. లోపల చెడినదంతా గీకేసి, ముంగాలి ఎముకనుంచి సన్నటి బద్ద ఒకటి తీసి రెండెముకలకూ వంతెనలా వేసి మరలు బిగించారు. మెలకువ వచ్చేసరికి చేతికీ కాలికీ కట్లున్నాయి. చెయ్యి బాగుచేస్తామని కాలు కూడా కోశారేమయ్యా అని ఆమె నిలదీస్తే, ఎముక అప్పు తీసుకున్నాం అన్నాడు డాక్టరు. ఈసారి కట్టుకు తడి తగిలితే నీ మొగుడికి కూడా పిండికట్టు వేస్తానంది రెబెక్కమ్మ. ఓబులేసు ఆ వేసవంతా మట్టి ముట్టలేదు.

కట్టు విప్పిన రోజున డాక్టరు కొత్త ఎక్స్‌రే కిటికీకి ఎత్తి చూపించాడు. రెండెముకలు ఉండాల్సినచోట ఒకటే తెల్లగా, తిన్నగా ఒక మలుపు తిరిగి పోతోంది. పెంచలమ్మ ముందు వేలితో మోచేతిని తాకింది. తరవాత గిల్లింది. తరవాత బల్ల మీద ఠప్పున కొట్టింది. నొప్పి లేదు. డాక్టరు వద్దువద్దంటున్నా ఇంకోసారి కొట్టింది. రెండేళ్ల తరవాత తన చెయ్యి తన మాట వింటోందన్న సంతోషం అట్లా తప్ప ఎట్లా తీర్చుకోవాలో ఆమెకు తోచలేదు.

మళ్లీ కార్తీకం వచ్చింది. మస్తానమ్మ అడక్కుండానే మునుం మొదటి చోటు వదిలి పక్కకు జరిగింది. ఆ వరసలో తను పడ్డ మాటలు ఇక ఇంకెవరైనా పడతారన్న ఆశ కూడా కొంత ఉండొచ్చు. పెంచలమ్మ కాళ్లు ఎడంగా పెట్టి, అందరికన్నా ఒక పిసరు ఎక్కువ వంగి, వెనక్కి అడుగు వేసింది. మొదటిరోజు కొంచెం వెనకబడ్డా రెండోరోజుకు వేగం అందుకుంది. రంగనాయకులు గారు గట్టుమీద నిలబడి చూసి, నాటు ఈ ఏడు తిన్నగా పడుతోందే అని మాత్రం అన్నారు.

నాట్లు ముగిసిన రోజున కూలివాళ్లందరికీ ఆయన భోజనం పెట్టడం ఆనవాయితీ. కళ్లంలో నేల ఊడ్చి, నీళ్లు చల్లి, విస్తళ్లు పరిచారు. పెంచలమ్మ బంతి ముందు నిలబడిపోయింది. మడిలో దిగడానికి ఏ రోజూ జంకని మనిషికి విస్తరి ముందు కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. గురవమ్మ ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోయి చివరి విస్తరి ముందు కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, పైట చెంగు తెరలాగా ఎత్తి పట్టుకుంది.

అన్నం వడ్డించారు. చేపల పులుసు పోశారు. పెంచలమ్మ ముద్ద కలిపి, చెయ్యి ఎత్తి, తల వంచింది. నమిలి మింగి పక్కకు చూస్తే గురవమ్మ ఇంకా తినడం మొదలుపెట్టలేదు. చెంగు పట్టుకునే, ఎవరు చూస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో పట్టుకుందామని బంతి ఈ చివరినుంచి ఆ చివరికి చూస్తోంది. పెంచలమ్మ కూడా భయంభయంగా అటే చూసింది.

ఎవరూ చూడటం లేదు. విస్తళ్లు నేలమీద ఉన్నాయి. పొద్దుటినుంచి బురదలో వంగి ఆకలితో నకనకలాడుతున్న ఆడవాళ్లు. పులుసు కారిపోతుందని, మెతుకు జారిపోతుందని, మస్తానమ్మతో సహా బంతి బంతంతా తలలు వంచుకుని తింటోంది. ఒక్క తలా పైకి లేదు.

గురవమ్మ ఎత్తి పట్టుకున్న చెంగు మెల్లగా దిగింది.

"ఏందత్తా అట్టా చూస్తుండావు?" అంది పెంచలమ్మ.

"ఏం లేదమ్మే" అంది గురవమ్మ. "ఇంతమందిలో నువ్వెవరో తెలవకుండా పోయినావు."

అని తన విస్తరి దగ్గరకు లాక్కుని, కోడలికి పోటీగా తినడం మొదలుపెట్టింది. పెంచలమ్మ కొసరు అన్నం కోసం వడ్డించేవాణ్ణి కేకేసింది. ఆ కేక అవతలి కయ్యదాకా వినిపించింది.